వెనక తొట్టి చేపలు

జూన్ 4

మావయ్యగారికి నమస్కారాలు.

ఫోను మీ దగ్గర్నుంచి తీసేసుకున్నారనీ, అక్కడుండే తొంభై రోజులూ ఉత్తరాలే దిక్కనీ సెంటరు ఆఫీసులో అమ్మాయి చెప్పింది. ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో! మొదటి కాగితం చించేశాను, ఇది రెండోది. మీరు అక్కడ చేరి పదిహేను రోజులయింది. తాగుడు మానిన మొదటి వారం ఎవరికైనా నరకమే అని డాక్టరుగారు మీ అబ్బాయితో అన్నారట. ఇప్పుడు వణుకు తగ్గిందా? అన్నం సయిస్తోందా?

నాకు ఏడో నెల నడుస్తోంది. కళ్ళజోళ్ళ షాపులో నన్ను కౌంటరు దగ్గర నిలబడనివ్వడం లేదు. అద్దాలు అరగదీసే మిషను ముందు కుర్చీ వేసి కూచోబెట్టారు మా ఓనరు. మీ అబ్బాయి లిఫ్టులు బిగించే పని మీద సోమవారం పొరుగూరు పోతే మళ్ళీ శనివారమే రావడం. కాబట్టి వారమంతా ఇంట్లో నేనూ, మీ చేపలూ.

తొట్టి మీద మీరు అంటించిన కాగితంలో ఉన్నట్టే రోజుకి రెండుసార్లు, చిటికెడు చొప్పున గింజలు వేస్తున్నాను. ఆరు గోల్డ్‌ఫిష్‌లూ, అద్దాలు నాకే ఆ నల్లదీ కులాసా. గాజు అడ్డానికి అవతల ఉండే ఆస్కార్ చేప, అదే మీ ఇన్‌స్పెక్టరు, మాత్రం మీరు వెళ్ళిన దగ్గర్నుంచీ గోడవైపు తిరిగే ఉన్నాడు. గింజ వేస్తే ఒకసారి నా వంక చూసి, నువ్వెవరివి అన్నట్టు మళ్ళీ అటు తిరుగుతాడు.

అసలు బాధ నీళ్ళతో వచ్చింది. పోయిన ఆదివారం మీ అబ్బాయి కుళాయి నీళ్ళు పట్టి, పట్టినవి పట్టినట్టే పోసేశారు. పావుగంటలో చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. ఇద్దరం హడలిపోయాం. ఇంట్లో నిలవున్న తాగే నీళ్ళన్నీ పోస్తే గానీ తేరుకోలేదు. వారానికి పది బకెట్లు మావయ్యగారూ! డాక్టరమ్మ నన్ను బకెట్టు ముట్టుకోవద్దంది.

కోప్పడకండి, ఒక మాట అడుగుతాను. పెంచలేని చేపల్ని ఆ చేపల షాపులోనే తిరిగి తీసుకుంటారట కదా. వీటిని ఇచ్చేయొచ్చా? మీరు సరే అంటేనే.

మీ కోడలు


జూన్ 11

జడ్జిగారికి,

ఇంట్లో తీర్పులన్నీ నీవే కాబట్టి ఇక్కడికొచ్చినా నీ పేరు మార్చను. ఏమనుకోకు.

ఇక్కడ దివ్యంగా ఉంది. పొద్దున అయిదింటికి గంట కొట్టి లేపుతారు. ముప్ఫై రెండేళ్ళు తొలి బస్సు నడిపినవాణ్ణి నన్ను గంట కొట్టి లేపుతారట! నాలుగింటికే లేచి మంచం మీద కూచుని, వాళ్ళు గంట కొట్టాక అప్పుడే లేచినట్టు ఆవులిస్తున్నాను, పాపం వాళ్ళ మనసు కష్టపెట్టడం ఎందుకని. పక్క మంచం ఆయన ఫొటోగ్రాఫరు. పాత డీజిలు ఇంజను గురక. తలనొప్పి పోయింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటే ఒలకడం లేదు. ఒక చేత్తో ఇంకా కుదరడం లేదు.

మీ ఆయన తెలివి తెల్లారినట్టే ఉంది! నీళ్ళు పట్టి ఒక రోజంతా బకెట్లలో ఉంచాలి, కుళాయి నీళ్ళలో కలిపే క్లోరిన్ ఘాటు పోవాలి. ఎన్నిసార్లు చెప్పానో. ఇన్‌స్పెక్టరు అలిగాడు, అంతే. గింజ విసిరెయ్యకు, వేళ్ళతో పట్టుకుని నీళ్ళ పైన ఉంచు. వచ్చి తీసుకుంటాడు. కరిచినా గిచ్చినట్టుంటుంది, భయపడకు.

ఇక తిరిగివ్వడం సంగతి. ఆ షాపులోనా? వెళ్ళు తల్లీ, తప్పకుండా వెళ్ళు. 'ఇవి మా మావగారి చేపలు, తీసుకోండి' అను. అప్పుడు ఆ షాపువాడి మొహం ఎలా మారుతుందో చూసి, ఉన్నదున్నట్టు నాకు రాయి. ఇక్కడ నవ్వుకోవడానికి ఏమీ లేదు, అదైనా చదువుకుని నవ్వుకుంటాను.

మెట్లు నెమ్మదిగా దిగు. మీ ఆయనకి మాత్రం నేనేం అడగలేదని చెప్పు. సంతకం పెట్టి నన్నిక్కడ పడేసినవాడితో నాకు మాటల్లేవు.

మీ మావ


జూన్ 21

మావయ్యగారికి,

మీరింత తేలిగ్గా ఒప్పుకుంటారని కలలో కూడా అనుకోలేదు. ఎలా అడగాలా అని నేను వారం రోజులు మథనపడ్డాను, మీరేమో నవ్వుతూ వెళ్ళమన్నారు. మీ అబ్బాయి అయితే ఉత్తరం రెండుసార్లు చదివి, 'నాన్న మారిపోయాడే' అన్నారు.

నిన్న ఇద్దరం వెళ్ళాం. గోల్డ్‌ఫిష్‌ల్ని, నల్లదాన్ని గాలి ఊదిన కవర్లలో పెట్టి ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూచున్నాను. ఎంత సన్నటి షాపండీ అది! నేల నిండా తడి, మోటార్ల చప్పుడు. నా పొట్టతో తొట్ల మధ్య తిరగడం సర్కసే అయింది. ఓనరు లేరు, సరుకు కోసం వెళ్ళారట. ఆయన చెల్లెలు కూచునుంది. 'మా మావగారి చేపలు' అన్నాను, మీరు చెప్పినట్టే. మొహమేమీ మారలేదు, నవ్వింది కూడా. మీకు రాయడానికి ఏమీ లేకుండా పోయింది.

వాళ్ళ పద్ధతి భలే ఉంది. తిరిగొచ్చిన చేపల్ని అమ్మే తొట్లలో కలపరు. వెనక గదిలో వేరే తొట్టి ఉంది. ఇరవై ఒక్క రోజులు అందులో ఉంచి, రోగం రొష్టూ లేవని తేలాకే ఎవరికైనా ఇస్తారట. ఇచ్చేవాళ్ళు ఒక చీటీ రాయాలి, ఎందుకు తిరిగిస్తున్నారో. నేను 'ఇంట్లో చోటు లేదు' అని రాశాను.

ఇన్‌స్పెక్టరు కవర్లో పట్టడు. వచ్చే వారం మూతబకెట్టు తీసుకుని రమ్మన్నారు. అన్నట్టు మొన్న నా చేతిలో గింజ తిన్నాడు! మీరన్నట్టే గిచ్చినట్టుంది.

ఆ తొట్టి కూడా వెళ్ళిపోతే ముందుగది గోడ ఖాళీ అవుతుంది. మీ మంచం చిన్నగదిలోకి మార్చేశాం. వడ్రంగి వచ్చి కొలతలు తీసుకెళ్ళాడు. ఎందుకో ఇప్పుడు చెప్పను, మీరే చూద్దురుగాని.

మీ కోడలు


జూన్ 25

కోడలుగారికి,

తమరి ఉత్తరం అందింది.

చేపలు వెళ్ళిపోయాయి. మంచం చిన్నగదిలోకి వెళ్ళింది. వడ్రంగి కొలతలు తీసుకున్నాడు. ఇన్‌స్పెక్టరుకి బకెట్టు చూస్తున్నారు. నాకు ఈ సెంటరు ముందే చూసి పెట్టారు. అంతా పద్ధతిగా జరుగుతోంది, మెచ్చుకోవాలి.

వెటకారానికి అన్నది నీకు వెటకారంగా వినపడలేదా? ఆ చేపల్లో ఒక్కటీ నేను కొన్నది కాదు. అన్నీ జనం ఆ షాపుకి తెచ్చి వదిలేసినవే. పెద్దదైపోయిందని ఒకటి, కన్ను పోయిందని ఒకటి, పిల్లలకి మోజు తీరిందని రెండు. ఇన్‌స్పెక్టరయితే ఎవరింట్లోనో తోటి చేపల్ని మింగేశాడు. ఎవరూ పట్టుకెళ్ళనివాటి కోసం షాపువాడు నాకు కబురు పెట్టేవాడు. ఆరేళ్ళుగా ఇదే. మా చేపలు తీసుకో అని నువ్వెళ్ళి అడిగితే వాడి ముఖం చూడాలనుకున్నాను. వాడు లేకపోవడం నా ఖర్మ.

ఒకసారి తిరిగొచ్చినవాటిని రెండోసారి తిప్పి పంపావు. పైగా 'చోటు లేదు' అని రాశావు. నాలుగడుగుల తొట్టికి చోటు లేని ఇంట్లో ఆరడుగుల మనిషికి ఎక్కడ ఉంటుంది? తాగుబోతు ముసలాడు ఎవరికి కావాలి? నాకు తెలియక కాదు. కాకపోతే నువ్వంటావని అనుకోలేదు.

ఆదివారం దాకా ఉంటాను. ఆ పైన నా దారి నాది. పాత డిపోలో నన్ను గుర్తుపట్టేవాళ్ళు ఇంకా నలుగురున్నారు. వెతకొద్దు.

మావ


జూన్ 28

మావయ్యగారూ,

ఎక్కడికీ వెళ్ళకండి. ముందు ఆ మాట రాసేశాను, మిగతాది తర్వాత. సెంటరుకి ఫోను చేస్తే, 'కబుర్లు చెప్పం, ఉత్తరం రాయండి' అంటోంది ఆ అమ్మాయి. రేపు పోస్టాఫీసు తలుపులు తీసేటప్పటికి అక్కడుంటాను.

మీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. చదివి కాసేపు ఏడ్చి, లేచి చేపల షాపుకి వెళ్ళాను. ఈసారి ఓనరున్నారు. మీ పేరు చెప్పగానే ఆయన మొహం మారింది, మీరు చూడాలనుకున్న మొహం అదే కాబోలు. 'ఆయన చేపల్ని మా చెల్లి తీసుకుందా!' అని తల పట్టుకున్నారు. వెనక గదిలోకి తీసుకెళ్ళి చూపించారు. తొట్టిలో పంతొమ్మిది చేపలు కిక్కిరిసి ఉన్నాయి. మీరు రావడం మానేసిన దగ్గర్నుంచీ తీసుకునేవాళ్ళు లేరట.

ఇంకో సంగతి కూడా చెప్పారు. 'మొదటిసారి వచ్చినప్పుడు ఆయనా ఇచ్చేయడానికే వచ్చారమ్మా. భార్య పోయిన నెల్లాళ్ళకి, ఆవిడ పెంచిన రెండు చేపలూ పట్టుకొచ్చారు, అవి ఇప్పుడు లేవు లెండి. చీటీ మీద కారణం రాయండి అన్నాను. అరగంట పెన్ను పట్టుకుని కూచుని, ఆ చేపల్ని మళ్ళీ పట్టుకుని లేచిపోయారు. పోతూ పోతూ, ఎవరూ తీసుకోనివి ఉంటే నాకు చెప్పు అన్నారు' అని. ఆరేళ్ళలో ఇది మాకెందుకు చెప్పలేదండీ? మీరు చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది? చేపల పిచ్చి అనుకున్నాం.

ఇప్పుడు నేను చెప్పాల్సింది ఒకటుంది. కోపం వస్తే రానివ్వండి. సంతకం మీ అబ్బాయి పెట్టలేదు. నేను పెట్టాను. ఆయన 'నాన్న తట్టుకోలేడు' అని వెనకాడుతుంటే, నేనే ఫోను చేసి, నేనే కారు మాట్లాడి, నేనే పెట్టాను. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం షాపులో కళ్ళు తిరిగితే ఇంటికొచ్చాను. మీరు తాగి పడుకుని లోపల గడియ పెట్టుకున్నారు. కొట్టాను, పిలిచాను, ఫోను చేశాను. రెండు గంటలు మెట్ల మీద కూచున్నాను. పొట్టలో బిడ్డ కదలడం లేదేమోనని చెయ్యి పెట్టుకుని లెక్కపెట్టుకుంటూ కూచున్నాను. మీకు ఆ రోజు ఒక్క మాటా చెప్పలేదు.

పురుడయ్యాక నేను పనికి వెళ్ళాలి. నాకు అమ్మ లేదు. మీ అబ్బాయి ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటారు. బిడ్డని పగలంతా ఎవరి దగ్గర వదలాలి? నాకున్నది మీరు. చిన్నగదికి కిటికీ ఉంది, ఎండొస్తుంది. మీ మంచం పక్కన ఉయ్యాల పెట్టాలని వడ్రంగిని పిలిచాను. ఇది చూసి మీరు మురిసిపోతారని, దాచిపెట్టి చెప్పాలని మురిసిపోయినదాన్ని నేను. నా తెలివి కూడా తెల్లారినట్టే ఉంది.

నా బిడ్డని మీ చేతుల్లో పెట్టాలని ఉంది. తాగిన చేతుల్లో పెట్టలేను. అందుకే సంతకం పెట్టాను. అంతకు మించి ఏమీ లేదు.

మీ కోడలు


జూలై 2

అమ్మాయీ,

నీ ఉత్తరం ముప్ఫయ్యో తారీకున వచ్చింది. నేను ఇరవై తొమ్మిదినే వెళ్ళిపోయాను.

కంగారుపడకు, మళ్ళీ వచ్చాను కాబట్టే రాస్తున్నాను. పొద్దున్నే గేటు దాటి, రోడ్డెక్కి, బస్సెక్కాను. డ్రైవరు కుర్రాడు నేను డిపో మనిషినని పోల్చుకుని టిక్కెట్టు అడగలేదు. రెండు స్టాపులు పోయాక రోడ్డు పక్కన మందు షాపు కనపడింది. షట్టరు సగం ఎత్తి ఉంది. నాకు తెలియకుండానే దిగిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో. నా గొప్పతనం ఏమీ లేదు, జేబులో చిల్లిగవ్వ లేదు, అందుకే కొనలేదు. ఉంటే ఏం చేసేవాణ్ణో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎండెక్కాక నడుచుకుంటూ వెనక్కి వచ్చాను.

గేటు దగ్గర వాచ్‌మన్ పుస్తకం ముందుకు తోసి, 'తిరిగొచ్చిన కారణం రాయండి' అన్నాడు. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈసారి పారిపోకుండా రాశాను. 'వేరే దారి లేదు' అని.

మధ్యలో బయటికి పోయినవాళ్ళకి లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలట. నలభై రోజులు గంగలో కలిశాయి. ఇక సెప్టెంబరు ఇరవై ఎనిమిదికి గానీ వదలరు. నీ పురుటికి నేను ఉండను. ఇది ఎవరి మీదా నెట్టడానికి లేదు, నేను చేజేతులా చేసుకున్నదే.

సంతకం నీదని చదివినప్పుడు కోపం వచ్చింది, అబద్ధమెందుకు. ఒక పూట అన్నం మానేశాను. తర్వాత ఆకలేసి తిన్నాను. వాణ్ణి అన్నాళ్ళూ ఊరికే తిట్టుకున్నాను, వాడితో చెప్పు. కానీ ఆ మెట్ల మీది రోజు ఉందే, ఎంత ఆలోచించినా నాకు గుర్తు రావడం లేదు. తలుపు చప్పుడు గుర్తు లేదు, నువ్వు పిలవడం గుర్తు లేదు. నాకు భయమేస్తున్నది అందుకే.

మీ మావ


జూలై 10

మావయ్యగారికి,

మీ ఉత్తరం చదివి మూడు రోజులు మీతో మాట్లాడకూడదనుకున్నాను. తర్వాత, మాట్లాడటానికి మీరు ఇక్కడ లేరు కదా అని గుర్తొచ్చింది. పురుటికి ఉంటారనుకున్నాను. చాలా కష్టంగా ఉంది. ఇంకేమీ రాయను దాని గురించి.

ఇక్కడ నేనొక పని మొదలుపెట్టాను. కళ్ళ పరీక్ష కోసం మా షాపుకొచ్చి ఆ కుర్చీలో కూచున్నవాళ్ళు కాసేపు ఎటూ పారిపోలేరు కదా. అప్పుడు అడుగుతున్నాను, మీ ఇంట్లో చేపల తొట్టి ఉందా అని. ఉందంటే, షాపుకొచ్చి చేప కావాలన్నవాళ్ళని మీరు అడిగేవారని చేపల షాపాయన చెప్పిన మూడు ప్రశ్నలూ వేస్తున్నాను. తొట్టి ఎన్నడుగులు? నీళ్ళు రోజంతా నిలవుంచి పోస్తారా? ఇదివరకు మీ చేప చచ్చిపోతే ఇంట్లో ఎవరు ఏడ్చారు? మూడోదానికి కొందరు నన్ను ఎగాదిగా చూస్తున్నారు. మా ఓనరు కూడా ఒకసారి తొంగిచూశారు. కానీ పంతొమ్మిదిలో పదకొండు వెళ్ళాయి! ఒక హెడ్మిస్ట్రెస్సుగారు బడి ఆవరణలో ఉన్న రాతి కొలనులోకి మన ఆరింటినీ, నల్లదాన్నీ అడిగారు. ముందు ఒంటికన్నుదాన్నే కావాలన్నారు. వాటి ఇరవై ఒక్క రోజుల గడువు రేపటితో తీరుతుంది.

ఇన్‌స్పెక్టరు సంగతి మాత్రం మీరే తేల్చాలి. బాయిలరు మెకానిక్కుగా చేసి మానేసిన ఒక పెద్దాయన ఉన్నారు. ఇంట్లో ఏడడుగుల తొట్టి, అందులో ఏమీ లేదు. ముందున్న చేప పోయిందట. మూడో ప్రశ్నకి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చేపల షాపాయన మన ఇంటికి కూడా వచ్చి చూశారు. ఇన్‌స్పెక్టరు గోడవైపు ఉండటం అలక కాదట మావయ్యగారూ. కదలకుండా అతికించేసిన అడ్డుగాజు వల్ల వాడికి మిగిలింది రెండడుగులు. తిరగబోతే తోక తగులుతోంది. మీకు చెప్పాలని చాలాసార్లు అనుకుని, నొచ్చుకుంటారని ఊరుకున్నారట.

ఇవ్వాలా వద్దా? అవునంటే అవునని, కాదంటే కాదని రాయండి. దండం పెడతాను, జోకులొద్దు.

మీ కోడలు


జూలై 17

అమ్మాయీ,

అవును. ఇచ్చెయ్యి. జోకు కాదు.

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులయింది. ఈ మూడు ముక్కలు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. షాపువాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. రెండడుగులని నాకూ తెలుసు. ఆ అడ్డుగాజు కొలిచి కోయించి పెట్టింది నేనే.

తాగి వచ్చి వాడి ముందు కుర్చీ వేసుకుని కూచునేవాణ్ణి. వాడు అద్దం దగ్గరికి వచ్చి నా మొహంలోకి చూసేవాడు. మీరిద్దరూ అప్పటికి నా మొహం చూడటం మానేశారు, తప్పు మీది కాదు. వాడికి నా మీద ప్రేమ అనుకున్నాను. గింజల కోసమే అయ్యుంటుంది. ఏదైతేనేం, నాకది సరిపోయేది. వాడికి సరిపోయిందా అని ఎన్నడూ అడగలేదు.

చీటీ మీద కారణం ఇలా రాయి: 'నా దగ్గర వీడికి చోటు చాలదు.' నేను చెప్పి రాయించానని చెప్పు. ఆ పెద్దాయనకి చెప్పు, గింజ విసరొద్దని, చేతితో ఇమ్మని. తొట్టి ఖాళీ అయ్యాక ఇంట్లో ఉంచకు, షాపువాడి వెనక గదిలో పెట్టించు. వాడికి రెండో తొట్టి కావాలి.

ఎండలో తిరగకు. కాళ్ళు వాచాయేమో చూసుకో.

మీ మావ


సెప్టెంబరు 2

మావయ్యగారికి,

ఆగస్టు ఇరవై అయిదు ఉదయం తొమ్మిదిన్నరకి ఆడపిల్ల. రెండు కిలోల ఎనిమిది వందలు. ఇద్దరం క్షేమం. సెంటరుకి మీ అబ్బాయి ఫోను చేస్తే ఈ ఒక్క కబురు మాత్రం చెబుతామన్నారట, చెప్పారా?

చెవులు అచ్చం మీవే. మీ అబ్బాయి చూసి, 'అయ్యో పాపం' అన్నారు. ఇప్పుడే నిద్రపోయింది, లేచేలోగా రాయాలి. ఉయ్యాల వచ్చింది. ఇన్‌స్పెక్టరు బాగున్నాడట, ఆ పెద్దాయన కొత్త కళ్ళజోడు కోసం వచ్చి అరగంట వాడి కబుర్లే చెప్పారట మా ఓనరుకి. లేచింది. ఉంటాను.

మీ కోడలు


సెప్టెంబరు 9

అమ్మాయీ,

చెప్పారు. భోజనాల గదిలో అందరి ముందూ చెప్పారు. ఫొటోగ్రాఫరు లేచి చప్పట్లు కొట్టాడు. నేను బయటికి వెళ్ళి గోడ పక్కన కూచుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఇప్పుడు నేను చెప్పేది శాంతంగా విను. బిడ్డ కోసం ఒక ఆయాని మాట్లాడుకో. గ్లాసు ఒక చేత్తో పట్టుకుంటున్నాను, అది నిజమే. నూట పది రోజులుగా ముట్టుకోలేదు, అదీ నిజమే. కానీ ఇక్కడ గేటుంది, వాచ్‌మన్ ఉన్నాడు. జేబులో డబ్బు లేక ఆగినవాణ్ణి, మనసుండి ఆగినవాణ్ణి కాదు. తలుపు కొడుతుంటే వినపడని మనిషి దగ్గర పసిదాన్ని వదలకూడదు. నువ్వు వదులుతానన్నా నేను వదలనివ్వను. డిపో దగ్గర ఒక గది చూసుకుంటాను. ఆదివారాలు వచ్చి చూసి వెళతాను. కోపంతో అనడం లేదు, అలిగి అనడం లేదు. నాకు నేనంటేనే భయంగా ఉంది.

దాన్ని ఎత్తుకోవాలని నాకూ ఉంది. ఎప్పుడైనా జారిపోతే?

మీ మావ


సెప్టెంబరు 16

మావయ్యగారికి,

పాప నా ఒళ్ళో ఉంది, అక్షరాలు వంకరపోతే దాన్నే అనండి.

జడ్జిగారని మీరే పేరు పెట్టారు కాబట్టి తీర్పు వినండి. మీ భయం చదివాను. ఏప్రిల్లో మీకు ఈ భయం లేదు. అప్పుడు మిమ్మల్ని చూసి నేనొక్కదాన్నే భయపడేదాన్ని. ఇప్పుడు ఇద్దరం భయపడుతున్నాం, నాకు కొంచెం బరువు తగ్గింది.

ఇరవై ఎనిమిదిన మీ అబ్బాయి కారు తీసుకుని వస్తారు. మూడు వారాలు నేను ఇంట్లోనే ఉంటాను. స్నానం చేయించడం, తల కింద చెయ్యి పెట్టి ఎత్తుకోవడం, ఏ ఏడుపు దేనికో, అన్నీ నేర్పిస్తాను. కింద వాటాలో ఉండే టీచరమ్మగారు రిటైరయ్యారు. పగలు రెండుసార్లు పైకొచ్చి చూసి పోతానన్నారు. అన్ని తలుపులకీ లోపలి గడియలు తీయించేశాను. నేను మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తాను, వచ్చి మీ నోరు వాసన చూస్తాను. తప్పుగా అనుకోకండి. అనుకున్నా చూస్తాను. ఒక్క రోజు తేడా వచ్చినా పాపని తీసుకుని పనికి వెళ్ళిపోతాను, మీరు మళ్ళీ సెంటరుకి వెళతారు, మళ్ళీ ఒకటి నుంచి మొదలు. అప్పుడూ సంతకం నేనే పెడతాను.

అక్టోబరు ఇరవయ్యో తారీకు నుంచి పనిలో చేరతానని మా ఓనరుకి మాట ఇచ్చాను. పిల్లని ఎవరు చూస్తారని ఆయన అడిగారు. మీరని చెప్పాను. ఆయా కోసం నేను వాకబు చేయలేదు. వేరే ఎవరినీ అడగలేదు.

మీ కోడలు